మా అత్త సరుకు విమానం

మా మేనత్త పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని మంచం ఎక్కిన మనిషి మళ్ళీ లేవలేదు. నాన్న ఫోన్ చేసేసరికి నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద ఉన్నాను. "అక్క ఇక లేదమ్మా" అన్నాడు. కింద చీరల షాపుల వాళ్ళు మైకుల్లో అరుస్తూనే ఉన్నారు. నేను షేర్ ఆటో ఎక్కి సరూర్‌నగర్‌లో అత్త ఇంటికి వెళ్ళాను.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక దూరపు చుట్టం ఒకాయన వక్క నములుతూ హాల్లో పైకి చూశాడు. సీలింగుకి రెండు తాళ్ళతో వేలాడుతున్న విమానం కనపడింది. "ఏ పిల్లాడిదమ్మా ఆ బొమ్మ?" అన్నాడు. "పిల్లాడిది కాదండీ, మా అత్తది. ఆవిడే చేసింది, ఆవిడే ఎగరేసింది" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తది తెనాలి పక్క పల్లె. మావయ్య చిన్న వయసులోనే పోతే, ఎల్బీనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పార్శిళ్ళ బుకింగులో చేరి, రిటైరయ్యే దాకా అక్కడే చేసింది. లారీలో ఏ సరుకు ఎక్కడ పెట్టాలో ఆవిడ చెప్పాకే హమాలీలు మూట ఎత్తేవాళ్ళు. "సరుకు తప్పు ఎప్పుడూ ఉండదే, సర్దడంలోనే ఉంటుంది తప్పు" అనేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది, వీధికీ వచ్చింది. మా ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, పెరుగు గిన్నె ఒక చోట నుంచి ఇంకో చోటికి మారాల్సిందే. షేర్ ఆటోలో కూర్చుని, "బాబూ, మీరు కాస్త ఇటు జరగండి, బండి ఓ పక్కకి లాగుతోంది" అని ముక్కూ మొహం తెలియని మనిషిని జరిపేది. నేను సిగ్గుతో బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన మాత్రం బుద్ధిగా జరిగేవాడు.

రిటైరయ్యాక నాన్న ఆవిణ్ణి ఒకసారి అల్మాస్‌గూడ అవతల ప్లాటు చూడ్డానికి తీసుకెళ్ళాడు. తారు రోడ్లు వేసి, రాళ్ళు పాతి, ఎవరూ కొనక ఖాళీగా పడున్న వెంచర్ అది. నాన్న హద్దురాళ్ళు చూస్తుంటే అత్త ఆకాశం చూసింది. ఆ రోడ్డు మీద నుంచి కొందరు రిమోటు విమానాలు ఎగరేస్తున్నారు. వాళ్ళలో పెద్ద, ఎల్బీనగర్‌లో కార్ల డెంటింగ్ షాపు నడిపే నల్లగొండ ఆయన. మేమందరం అన్న అంటాం. అత్త నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "దీంట్లో బరువు ఎక్కడ పెడతారు?" అని అడిగింది. "గిసొంటి సవాలు ఇప్పటిదాంక ఎవ్వలు అడగలేదక్కా. అందరు స్పీడెంత పోతది అనే అడుగుతరు" అని అన్న ఇప్పటికీ చెప్తాడు. నాన్న ప్లాటు కొనలేదు. అత్త మాత్రం విమానం కొంది.

తర్వాత చాలా విమానాలు చెట్లకి తగిలాయి, రాళ్ళకి కొట్టుకున్నాయి, ఒకటి పక్క కాలనీలో ఎవరి డాబా మీదో దిగి ఆరేసిన లంగాలో చుట్టుకుపోయింది. పడ్డ ప్రతిసారీ అత్త ముక్కలు ఏరుకొచ్చి, పడటానికి కారణం తెలిసేదాకా అన్నం సరిగ్గా తినేది కాదు. నేర్చుకున్నదంతా ఒక్క మాటలో పెట్టింది: "ముక్కు బరువైతే బద్ధకం, తోక బరువైతే తద్దినం." ముందు బరువెక్కువైతే విమానం మొండికేస్తుంది గానీ ఎలాగో దిగుతుంది. వెనక బరువెక్కువైతే ముక్కు పైకెత్తి, గాలి మీద పట్టు తప్పి కూలుతుంది. ఈ మాట ఆ వెంచర్‌లో కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ మొదటి పాఠం. చెప్పేటప్పుడు అన్న కూడా అత్త యాసలోనే చెప్తాడు.

అక్కడ అందరివీ పల్టీలు కొట్టే విమానాలు, యుద్ధ విమానాలు. అత్తకి అవి ఆనలేదు. "ఒట్టి చేతులతో పోయి ఒట్టి చేతులతో వస్తాయి. ఎగిరినందుకు ఏదో ఒకటి మొయ్యాలి కదే" అంది. సరుకు విమానం చెయ్యడం మొదలుపెట్టింది. హాలంతా ఫోమ్ షీట్ల తుక్కు. అతికించిన చోట ఆరేదాకా పట్టుకోవడానికి చీర పిన్నులు. పైన వెడల్పాటి రెక్క, రెక్కకి నాలుగు మోటార్లు, కింద నిండు చూలాలి లాంటి పొట్ట, వెనక తోక కింద సరుకు ఎక్కించే తలుపు. మొదటిసారి చూసి అన్న, "అక్కా, గిది ఇమానమా, లారీనా?" అన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. "లారీయే" అంది.

విమానం పూర్తవుతున్న రోజుల్లోనే ఆవిడ చేతులు వణకడం మొదలైంది. కాఫీ కప్పులో సగం సాసర్లోకి వచ్చేది. డాక్టరు మందులిచ్చాడు. వణుకు తగ్గింది గానీ పోలేదు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. "ఇంక చాలక్కా. వణికే చేతులతో రిమోటు ఎందుకు? ఎవరి మీదైనా పడితే?" అన్నాడు. కోపంగా అన్నాడు గానీ అది భయం. కొత్త విమానాన్ని మొదటిసారి అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు ఎగరెయ్యడం ఆ వెంచర్‌లో ఆనవాయితీ. దాన్ని అడ్డం పెట్టుకుని అన్న కూడా, "పైలి సారి నేను లేపుతనక్కా, నువ్వు పక్కన నిలవడు" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "నేను బుక్ చేసిన పార్శిల్ వేరేవాళ్ళు డెలివరీ చెయ్యడమేంటి?" అంది. చివరికి నాన్న చేతిలో చెయ్యేసి, "ఇది నా చేతుల్లో పడిపోతే మళ్ళీ రిమోటు ముట్టుకోను. ఒట్టు" అని చెప్పింది. అత్త ఒట్టు అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మావయ్య పోయినప్పుడు మానేసిన మామిడిపండు ఆవిడ మళ్ళీ ముట్టలేదు.

అప్పుడు పట్టుకుంది రిమోటుని. దాని మీద వేళ్ళతో తోసే పుల్లలుంటాయి. ఏ పుల్ల ఎంత కదిలితే తోక ఎంత కదలాలో మనమే పెట్టుకోవచ్చు. అత్త వణికే వేలితో పుల్లని పట్టుకుని కూర్చునేది. నేను నేల మీద కూర్చుని తోక రెక్కని చూసేదాన్ని. అది అదురుతుంటే, "ఇంకా అదురుతోంది" అనేదాన్ని. ఆవిడ పుల్ల నడిమధ్యన ఉన్నప్పటి చిన్న కదలికని ఇంకాస్త మెత్తన చేసేది. మళ్ళీ చూడటం, మళ్ళీ మెత్తన చెయ్యడం. సాయంత్రాలన్నీ ఇదే పని. ఒకరోజు ఆవిడ వేలు వణుకుతోంది, తోక కదల్లేదు. "నా వణుకు నా దగ్గరే ఉండాలే. దాని దాకా పోకూడదు" అంది. ఐతే అంత మెత్తన చేస్తే ఆపదలో విమానం మాట వినదు. అందుకని రిమోటు మీద ఒక బటన్ పెట్టుకుంది. అది నొక్కితే మెత్తదనం పోతుంది, చెయ్యి ఎంత కదిలితే విమానం అంత కదులుతుంది, వణుకుతో సహా. "అది నొక్కే అవసరం రాకూడదు" అంది.

ఆదివారం పొద్దున అందరం వెంచర్‌కి వెళ్ళాం. అత్త విమానాన్ని రెక్క కింద రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూసింది. త్రాసులా నిలబడింది. కొత్త బండికి చేసినట్టే పూజ చేసింది. ముక్కుకి పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ. నాన్న కాయ కొట్టాడు. అత్త టోపీ పెట్టుకుని, రిమోటు మెళ్ళో వేసుకుని రోడ్డు పక్కన నిలబడింది.

విమానం నిమ్మకాయల్ని నలిపేసి పరుగెత్తి లేచింది. లేస్తూనే ముక్కు ఆకాశానికి ఎత్తేసింది. అత్త పుల్లని ముందుకి తోస్తోంది, అది వినడంలేదు. గాల్లో ఆగిపోయినట్టై ఒక రెక్క వాలింది. "అక్కా, ఇయ్యి! నాకియ్యి! పడిపోతది!" అని అన్న చెయ్యి చాపాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అత్త రిమోటు ఇవ్వలేదు. ఆ బటన్ నొక్కింది.

ముక్కు కిందికి వచ్చింది. కానీ ఇప్పుడు ఆవిడ వణుకంతా విమానంలోకి పోయింది. జ్వరమొచ్చిన మనిషిలా అదురుతూ, ఎగుడూ దిగుడూ అవుతూ ఒక్క చుట్టు తిరిగింది. అత్త పెదాలు బిగించి దాన్ని రోడ్డు మీదికి తెచ్చింది. ఒకసారి ఎగిరిపడి, ఇంకోసారి ఎగిరిపడి, చక్రాల మీదే ఆగింది.

"తోక బరువు" అంది అత్త. "పూజకి ముందు లేదు. ఎవరో ఎక్కించారు."

అన్న వెనక తలుపు తెరిచాడు. లోపల తోక దగ్గర కొబ్బరి చిప్పా, రెండు అరటిపళ్ళూ ఉన్నాయి. అన్న నోరు తెరుచుకుని, "గిదెవ్వలు పెట్టిన్రయ్యా?" అన్నాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ప్రసాదం కదా, లోపలుంటే చల్లగా కాపాడుతుందనుకున్నాను. సరుకు విమానమే కదా, చిప్ప మొయ్యలేదా?" అన్నాడు. వాళ్ళక్క విమానం పడకూడదని దేవుణ్ణి ఎక్కించి దాదాపు పడేశాడు మహానుభావుడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అన్న ఆ చిప్ప తీసి అవతల పెట్టబోయాడు.

"తియ్యకు" అంది అత్త. "మా తమ్ముడు నమ్మకంగా ఎక్కించిన సరుకు. చోటు తప్పింది, అంతే." అరటిపళ్ళు మాకు పంచింది. చిప్పని రెక్క కిందికి, బరువు ఆగే చోటికి జరిపి, రబ్బరు బ్యాండుతో కట్టింది. మళ్ళీ రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూసింది. ఒక వెంట్రుకవాసి ముందుకి జరిపింది. నాన్న ఏదో అనబోతే, "ఒరేయ్, అది పడలేదురా. ఒట్టు ఇంకా నాదే" అంది.

ఇంత గర్వం నాకు నా ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఆవిడ బటన్ మళ్ళీ నొక్కి మెత్తదనాన్ని వెనక్కి తెచ్చుకుంది. విమానం మళ్ళీ పరుగెత్తింది. ఈసారి బరువున్న బండి ఘాట్ రోడ్డు ఎక్కినట్టు నిదానంగా లేచింది. నాలుగు మోటార్లూ ఒకే గొంతుతో మోగాయి. వెంచర్ రాళ్ళ మీదుగా, అల్మాస్‌గూడ డాబాల మీద నీళ్ళ ట్యాంకుల అంచున మలుపు తీసుకుని మా వైపు వచ్చింది. దాని నీడ నాన్న మొహం మీదుగా పోయింది. ఆయన తల ఎత్తి, నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు.

నేను పైకి చూడలేదు. అత్త చేతుల్నే చూస్తున్నాను. అవి రిమోటు మీద ఆగకుండా వణుకుతున్నాయి, గాజులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. అప్పుడు తలెత్తాను. పైన సరుకు విమానం, కొబ్బరి చిప్పని మోసుకుని, గీత గీసినట్టు పోతోంది.