దూది కుక్కపిల్ల

నీళ్లు పోయగానే కుక్కపిల్ల తెల్లటి బొచ్చంతా ముద్దగా ఊడి నా చేతిలోకి వచ్చింది. కింద ఎర్రటి గజ్జి, చీము. ఆ ముద్దను కింద పడేశాను.

ఇన్నేళ్ల తర్వాత మొన్న కనేరిలో మరమగ్గాల కార్ఖానా ముందు ఆటో ఆగినప్పుడు, తడి దూదీ నూనే కలిసిన ఆనాటి కంపే మళ్లీ ముక్కుకు తగిలింది.

పద్మనగర్‌లో బాపు నడిపే సాంచ మగ్గం కింద దొరికిందది. ఒళ్లంతా మగ్గం నూనె. దానికి గాలిలో ఎగిరే దూది అంటుకుంటే, గొర్రెపిల్ల బొచ్చులా ఉందని మురిసిపోయి ఇంటికి ఎత్తుకొచ్చాను.

“థూ! గట్టర్ కంపు కొడ్తుంది. బయట పారేసి రాపో,” అంది అమ్మ, కొంగుతో ముక్కు మూసుకుని.

“గజ్జి నీ బిడ్డకు గూడ లేశె గదనే. పారేసినమా?” అన్నాడు బాపు, వేపనూనె సీసా మూత తీస్తూ.

అమ్మ వాకిట్లో గోనెసంచి పరిచింది. “లోపలికొచ్చిందంటే మీ ఇద్దర్ని గూడ ఈడనే పండవెడ్త.”

అది బతికింది. కానీ పగలంతా సాంచ కిందే పడుకునేది. కొత్త బొచ్చు మొలిచేలోపే నూనే దూదీ కప్పేసేవి. ఆ ముద్ద గుర్తొచ్చి, మళ్లీ కడగడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఎర్రదని బాపు, నల్లదని అమ్మ ఇప్పటికీ వాదిస్తారు. దాని అసలు రంగు మాలో ఎవరమూ చూడలేదు.