అక్క కారుకు నాలుగు చక్రాల బలం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను ఆఫీసు బస్సులో ఉండగా పక్క ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేశారు. "కాఫీ పెట్టి పిలిచినాను బాబూ. మీ అంకుల్ లేవలేదు" అన్నారు. సింగపూర్‌లో మా ప్లాంటు ఉన్న జురాంగ్ ఐలాండ్ గేటు దాకా వెళ్లిన బస్సు దిగి, టాక్సీ పట్టుకుని మా ఇళ్లున్న సెంబవాంగ్‌కు తిరిగి వచ్చాను.

పదకొండేళ్లు మా రెండు తలుపులకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆయన తండ్రి విశాఖ వైపు నుంచి ఇక్కడి నేవల్ బేస్‌లో పనికి వచ్చాడట. అంకుల్ ఇక్కడే పుట్టి, షిప్‌యార్డులో మెకానిక్‌గా పనిచేసి, రిటైరయ్యారు. ఆయనది ఇంట్లో విని నేర్చిన ఉత్తరాంధ్ర తెలుగు, మధ్య మధ్య మలయ్ మాటలు. నాది కరీంనగర్. మొదటి ఆరు నెలలూ మేమిద్దరం ఇంగ్లీషులోనే క్షేమంగా ఉన్నాం. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఆయన ఉండి ఉంటే ఈ నాలుగు ముక్కలూ నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. నా గురించి గొప్పగా రాసుకున్న చోట కచ్చితంగా ఆపేవారు.

ఆయన గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఆ కారు సంగతే.

ఆయన అక్క పక్కనే మలేషియాలోని జొహోర్‌లో, ఒక పామాయిల్ తోట లోపల, కొడుకు దగ్గర ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఆవిడకు కిడ్నీలు చెడిపోయి వారానికి మూడు రోజులు డయాలసిస్ మొదలైంది. ఆస్పత్రి ఉన్న ఊరికి వెళ్లాలంటే ముందు మైలున్నర ఎర్రమట్టి దారి దాటాలి. ఎండాకాలం సరే, వానలు పట్టాయంటే ఆ దారి ముద్దయిపోతుంది. భర్త వదిలి వెళ్లిన పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి ఉంది కానీ దానికి ముందు చక్రాలే లాగుతాయి, వెనకవి ఊరికే దొర్లుతాయి. మొదటి వానల్లోనే ఆ బండి రెండుసార్లు దిగబడి, రెండు డయాలసిస్‌లు తప్పాయి. రెండోసారి ఊపిరాడక ఆవిణ్ని ట్రాక్టర్ మీద తీసుకెళ్లారు. మళ్లీ తప్పితే ప్రాణానికి మాట ఇవ్వలేమన్నారు డాక్టర్లు.

కొడుక్కి పికప్ ట్రక్కు ఉంది, ఎంత బురదైనా పోతుంది. కానీ ఆవిడ మోకాళ్లు వంగవు. ప్లాస్టిక్ స్టూలు వేసి ఎక్కించబోతే జారి పడింది. పాత కారు సీటు మాత్రం కిందికి ఉంటుంది. తలుపు తీసి, నడుం ఆన్చి, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. అదే ఒక్కటి తను ఎవరి సాయం లేకుండా ఎక్కగల బండి.

"అయితే ఆ కారుకే నాలుగు చక్రాలూ లాగేట్టు సేద్దాం. బోలే" అన్నారు అంకుల్. బోలే అంటే మలయ్‌లో కుదురుతుందని. ఆయన నోట ఆ మాట వచ్చాక కుదరకుండా పోయిన పనిని నేను చూడలేదు.

ఆయన ధైర్యానికి కారణం ఉంది. అదే కారును మంచు కురిసే దేశాలవాళ్ల కోసం నాలుగు చక్రాలూ లాగేట్టు కూడా తయారు చేశారు. అలాంటిది ఒకటి పర్మిట్ గడువు తీరి సింగపూర్‌లో తుక్కుకు వచ్చింది. దాని గేర్‌బాక్సూ, వెనక భాగం నేలా, పెట్రోలు ట్యాంకూ కొని లారీలో జొహోర్‌కు, ఆయన పాత స్నేహితుడి షెడ్డుకు పంపాం. ఇక ప్రతి శనివారం సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి అక్కడికే. ముందు చక్రాల బండికి నేల చదునుగా ఉంటుంది, వెనక చక్రాలను తిప్పే కడ్డీ, షాఫ్టు, పోవడానికి దారి ఉండదు. ఆ దారిలోనే పెట్రోలు ట్యాంకు. అందుకని వెనక నేలంతా కోసి, తెచ్చిన దాన్ని అతికించాలి. ఊడదీసిన ప్రతి బోల్టునూ ఆయన ఖాళీ మైలో డబ్బాల్లో వేసి, ఏ డబ్బా ఎక్కడిదో మూత మీద బొమ్మ గీసేవారు. నేను లాప్‌టాప్‌లో పట్టిక చేస్తానన్నాను. "సెయ్యి, సెయ్యి. కరెంటు పోతే నా డబ్బా సూడు" అన్నారు.

ఒక్క వస్తువు మాత్రం దొరకలేదు. వెనక చక్రాల మధ్య ఉండి వాటిని తిప్పే డిఫరెన్షియల్. తుక్కు కారులోది అరిగి కూత పెడుతోంది. నేను వెతుకుతానని ముందుకు దూకాను. ఎంతైనా పంపులూ వాల్వులూ చూసే ఇంజనీర్ని. ఇంటర్నెట్‌లో ఒక చార్టు పట్టుకుని, అదే మోడల్ అని తేల్చుకుని, ఇంకో యార్డు నుంచి కొని, కూరగాయల ట్రాలీలో లాక్కుని మా అంతస్తు దాకా తెచ్చాను. అంకుల్ దాన్ని కారిడార్‌లో పాత పేపర్ల మీద పెట్టించారు. ఎదురింటి చైనీస్ ఆంటీ తొంగిచూసి, "అయ్యో అంకుల్, దిస్ వన్ హౌ టు కుక్ లా?" అంది.

అంకుల్ దానికి చక్రాల వైపు ఉన్న పళ్లాల మీద సుద్దతో గీతలు పెట్టి, రెండు పక్కలా ఒక్కో చుట్టు తిప్పుతూ, షాఫ్టు తగిలే మూతి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టారు. మళ్లీ తిప్పారు.

"ముందు గేర్‌బాక్స్‌ని షెడ్డులో తిప్పినప్పుడు మూడున్నర దాటి కొంచెం. ఇది నాలుక్కి దగ్గర పోతంది. ఏటి బాబూ?"

"చార్టుల క్లియర్‌గ ఉన్నది అంకుల్. మీరు లెక్క తప్పిండ్రేమో" అన్నాను. అన్నానంటే అన్నాను, ఇప్పుడు దాచుకుని లాభం లేదు.

"అయుండొచ్చు. రా, నువ్వే తిప్పు."

నేను మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ నాలుగుకు దగ్గరే. మంచం మోసే ఇద్దరిలో ఒకడు పెద్ద అంగలు, ఇంకొకడు చిన్న అంగలు వేస్తే ఏమవుతుందో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ అదే అవుతుంది. ఎక్కడో ఒక చోట గేర్లు విరుగుతాయి. అదీ ఆవిడ లోపల ఉండగా. లాప్‌టాప్ తెరిచి చూస్తే ఆ చార్టు ఆటోమేటిక్ బండిది. అక్క కారు చేత్తో గేర్లు మార్చేది.

వానలకు మూడు వారాలే ఉంది. అంకుల్ నా ముందే అక్కకు ఫోన్ చేసి, "అక్కా, మేం ఒక సామాను తప్పు తెచ్చినాం. ఇంకో వారం అవుద్ది" అన్నారు. మేం అన్నారు, పక్కింటి ఇంజనీరు అనలేదు. ఫోన్ పెట్టేసి, "ఆకలేత్తంది, పద, మకాన్" అని హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లి నాకు ముర్తబా రొట్టె ఇప్పించారు. ఆ పూట తిట్టి ఉంటే తర్వాత ఏ తప్పునైనా దాచిపెట్టడం నేర్చుకునేవాణ్ని. ఇప్పుడు మా ప్లాంటులో కుర్ర ఇంజనీర్లు తప్పు చేస్తే వాళ్లే వచ్చి నాకు చెబుతున్నారు. నాకు భయపడటం లేదని కొందరు పైవాళ్ల ఫిర్యాదు. అదంతా ఆయన చలవే.

సరైనది పది రోజుల్లో దొరికింది. ఈసారి యార్డులోనే సుద్ద తీసి తిప్పాను. "సేతికి తెలిసినాకే తెలిసినట్టు" అనేవారాయన. చార్టుల మీద నాకిప్పటికీ గౌరవం ఉంది, కాస్త దూరం నుంచి.

అక్కడి తనిఖీ అధికారుల కాగితం వచ్చేదాకా అంకుల్ కారును రోడ్డెక్కనివ్వలేదు. వచ్చిన మూడో రోజునే వాన దంచింది. డయాలసిస్ రోజది. చూడటానికి ఇద్దరం వెళ్లాం. నేను కారెక్కబోతే అంకుల్ ఆపారు. "లోపల కూకుంటే అక్క మొకం కనబడతది, సక్రాలు కనబడవు" అని పాదాలు మునిగే బురదలో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మేనల్లుడు బండి పోనిచ్చాడు. గుంటలో ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. ఒక్క క్షణం బండి ఆగినట్టే అయింది. అంతలో వెనక చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని నెట్టాయి. మమ్మల్ని దాటుతూ అక్క అద్దం దించింది.

"ఒరే తమ్ముడూ, ఎక్కుతావా?"

"ఆపకండి! బురదలో ఆపకూడదు!" అని అరిచారు అంకుల్.

వాళ్లు నిజంగానే ఆపలేదు. మేమిద్దరం ఆ మైలున్నరా చెప్పులు చేత పట్టుకుని నడిచాం. దారి పొడుగునా ఆయన ఒకటే నవ్వు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను తక్కువ సార్లు చూశాను.

ఆ తర్వాత మూడు వానాకాలాలు వచ్చిపోయాయి. ఆవిడకు ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

అంకుల్ పోయిన మర్నాడు మా బ్లాక్ కింద ఖాళీగా వదిలిన అంతస్తులో, వాయిడ్ డెక్‌లో, ఆయన్ని ఉంచాం. సాయంత్రం దహనానికి మండాయ్‌కు తీసుకెళ్లాలి. పొద్దున్నే మేనల్లుడి ఫోన్. "మూడు రోజులుగా వాన. అమ్మకి ఇయాల ఆస్పత్రి, నాలుగు గంటలు పడతది. మానేసి తమ్ముడి కాడికి పోదాం అంటంది." ఆంటీ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "మానొద్దని సెప్పు. మానితే మీ మామయ్య ఊరుకోరు. మేం ఆగుతాం."

ఆగాం. తీసుకెళ్లే వాళ్లను బతిమాలి వేళ మార్పించాం. ఐదు దాటాక పాత స్టేషన్ వ్యాగన్ కార్ పార్కులోకి వచ్చింది. కిటికీల దాకా ఎర్రమట్టి. ఆవిడ తలుపు తీసుకుని, కాళ్లు బయటికి తిప్పుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. మెల్లగా నడిచి వచ్చి తమ్ముడి పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఆలీసమైందిరా. పూర్తిగా సేయించుకునే వచ్చినాను" అని ఆయన చేతి మీద చెయ్యి వేసింది. మోచేతి దగ్గర ఆస్పత్రివాళ్లు వేసిన తెల్ల పట్టీ ఇంకా కొత్తగానే ఉంది.