ఎడమవైపు గోడ

నాకు బండి నడపడం రాదని కోరుట్లలో ఎవడైనా అంటే వాడి నోరు పడిపోవాలి. ఎడారిలో ఇరవై ఏళ్లకు పైగా నీళ్ల ట్యాంకరు నడిపినవాణ్ని. ఇసుక దుమారం లేచి ముందర రోడ్డుందో లేదో తెలియనప్పుడు కూడా నడిపాను. నాకు చేతగానిది ఒక్కటే. బండిని తెచ్చి మా ఇంటి గోడ పక్కన పెట్టడం. నవ్వుకోండి, నాకేం ఫికర్ లేదు. మా గల్లీ గల్లీ అంతా నవ్వింది.

సిరిసిల్లలో సాంచెలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి చేతిలో పని లేని రోజుల్లో నేను లారీ నేర్చుకుని గల్ఫ్‌కు పోయాను. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఎడమ భుజం పక్కనే కిటికీ. గోడైనా, ఇంకో బండైనా తల బయటపెట్టి చూసుకుంటే సరిపోయేది. అన్నేళ్లు అట్లా కూర్చున్నాక మనిషి ఒళ్లు మారిపోతుంది. తిరిగొచ్చి పాత అంబాసిడర్ ఒకటి కొన్నాను. అందులో కుడివైపు కూర్చుంటే, గేరు కోసం కుడిచెయ్యి లేచి తలుపుకు కొట్టుకునేది. ఎడమవైపు ఏముందో, ఎంత దూరంలో ఉందో ఏమాత్రం అంతుపట్టేది కాదు.

దానికి తోడు నాకింకో పాడలవాటు. మా కంపెనీ క్యాంపులో ఏ బండినైనా రివర్సులో లోపలికి తెచ్చి, ముక్కు రోడ్డువైపు ఉండేటట్టు పెట్టాలి. నిప్పంటుకుంటే ఒక్క ఊపున బయటపడాలని రూలు. మా ఇల్లు గల్లీ కొసన ఉంది, దాని తర్వాత దారి లేదు. అక్కడ ఏ నిప్పూ లేకపోయినా నేను గల్లీ పొడుగునా రివర్సులోనే వచ్చేవాణ్ని. అట్లా వస్తే మా గోడ సరిగ్గా నాకు కనపడని ఎడమవైపుకే పడేది.

అందుకని మా ఇంటామె రావలసి వచ్చేది. ఆమె చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. గల్లీ మొగదల నేను హారను కొడితే, ఒళ్లో చాట పక్కన పెట్టి, తునికాకు తుంపులు దులుపుకుంటూ వచ్చి ముందు సీట్లో ఎడమవైపు ఎక్కేది. చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, బొటనవేలు తలుపు మీద ఆనించి, చిటికెనవేలు గోడవైపు చాపేది.

"రా... రా... జానెడున్నది, రా. ఇంక రా. అగో, బెత్తెడే ఉన్నది, ఆగు! ఆగుమంటే ఇనవేంది, చెవులు దుబాయిల వెట్టి అచ్చినవా?"

బండి ఆగేది. గోడకు బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల సందు. ఎడమ తలుపు తెరుచుకునే మాటే లేదు. అంబాసిడర్ ముందు సీటు బల్లలాగా ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకటే కాబట్టి, నేను దిగాక ఆమె జరుగుతూ జరుగుతూ నా తలుపులోంచి దిగేది. జరిగినంతసేపూ తిట్లే.

"నీ కంపెనీ మీద మన్నువడ! అందరి లెక్క ముక్కు లోపలికి వెట్టి ఆపితే నీ సొమ్మేం వోతది? నాకీ డేకుడు తప్పుతది గదా!"

నేను వినేవాణ్ని కాదు. నిజం చెప్పాలంటే ఆ తిట్లు నాకు కావాలి. అన్నేళ్లు ఫోన్లో కాపురం చేసినవాళ్లం. ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు. తిన్నవా అంటే తిన్న, పండుకో అంటే పండుకుంటా, అంతే. గోడ పక్కన మాత్రం ఆమెకు నోరు వచ్చేది. ఆమె చెప్పినట్టు నేను చక్రం తిప్పేవాణ్ని. అంతకన్నా దగ్గరగా మేం ఎన్నడూ లేము.

తర్వాత సిరిసిల్లలో మా అల్లుడి సాంచెలు కూడా ఆగాయి. మూటాముల్లె కట్టుకుని వాళ్లు ముంబై పక్కన భివండికి, అక్కడి సాంచెల మీదికి పోయారు. కూతురు నీళ్లాడే సమయానికి తోడుంటానని ఈమె బస్సెక్కింది. బాలింతతనం పోయేదాకా అన్నారు. బిడ్డ పనికి పోవడం మొదలుపెట్టింది, పిల్లవాణ్ని చూసేవాళ్లు లేరన్నారు. పిల్లవాడు బడికి పోయేదాకా అన్నారు. ఇట్లా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు గల్ఫ్‌కు పోయినట్టు పోయింది ఆమె, కోరుట్లలో ఫోను పట్టుకుని దారి చూసేది నేను. దేవుడు మంచి ఎగతాళే చేశాడు.

అంబాసిడర్‌కు సామాను దొరకక అది మూలకు పడింది. దాని బదులు తెల్లకారు ఒకటి వచ్చింది. సీట్లు దేనికది వేరు, నడుమ గేరు, నడుమనే బ్రేకు. ఈ సీటు నుంచి ఆ సీటుకు పిల్లి కూడా జరగలేదు. వెనక కెమెరా ఉంది. గోడ దగ్గర పడితే కుయ్‌కుయ్ అని అరుస్తుంది. మరీ దగ్గర పడితే ఊపిరి తీయకుండా అరుస్తుంది. బెత్తెడో జానెడో చెప్పి చావదు. తల తిప్పి చూద్దామంటే నా మెడ తిరగడం మానేసింది. ఎముకలు అరిగాయని డాక్టరు అన్నాడు. ఈ సంగతి నేను భివండికి చెప్పలేదు.

జగిత్యాలలో ఒకనాడు గడియారం టవరు దగ్గర రెండు బండ్ల నడుమ పెట్టబోయాను. చుట్టూ జనం మూగారు. ఒకడు "లెఫ్ట్ కొట్టు కాకా, ఫుల్ కొట్టు" అంటాడు. ఇంకొకడు "ఏ, రైట్ కొట్టు" అంటాడు. వెనక బస్సు హారను. ఎవరి మాటా వినలేక, అందరి మాటా విని, కరెంటు స్తంభానికి గుద్దాను. ఎవడో పుణ్యాత్ముడు వీడియో తీశాడు. నేను కోరుట్ల చేరేలోగా అది భివండి చేరింది.

బిడ్డ ఫోను చేసింది. "బాపు, ఇప్పటికి ఇడిసిపెడుతున్న. ఇంకొక్క గీత వడ్డదంటే బండి అమ్ముడే. ఇంటికి తాళమేసి ఈడికి అచ్చి ఉండు. ఒక్కనివి ఆడ ఏంజేస్తవ్?"

అక్కడ వాళ్లది ఒకటే గది. ఆ గదిలో ఒక మూల నన్ను సామాను లెక్క పెడతారు. వద్దు. నా లెక్క వేరే ఉంది. బండి ఉంటే ఇల్లు నడుస్తుంది, ఇల్లు నడిస్తే ఆమెను వచ్చి ఉండమనొచ్చు. దవాఖానకు నేను తీసుకుపోతా, కొండగట్టుకు నేను తీసుకుపోతా అనొచ్చు. బండి పోతే ఏ ముఖంతో రమ్మనాలి?

మల్యాలలో తన తమ్ముడి బిడ్డ పెళ్లని ఆమె ఒక్కతే వచ్చింది. పొద్దున భివండి బస్సు దిగేసరికి నేను కడిగిన బండితో నిలబడి ఉన్నాను. ఆమె చిన్నగా అయిపోయింది. "గీ బండి మంచిగ సల్లగున్నదయ్యా" అంది. ఎడమచెయ్యి కొంగులోనే ఉంచుకుంది. ఏసీకి చలి పెడుతోందనుకున్నాను. పెళ్లికి పోయాం, మధ్యాహ్నం తిని బయలుదేరాం. దారి పొడుగునా ఉండిపొమ్మని అడుగుదామని గొంతుదాకా వచ్చింది. ముందు బండి చక్కగా పెట్టి చూపించి, అప్పుడడుగుదామని ఊరుకున్నాను.

గల్లీ మొగదల ఆపి "నువ్వు దిగు. ఇందుల ఇవుతలికి జరగరాదు, గేరు అడ్డమున్నది. నేను పెట్టుకుంట, కెమెరా ఉన్నది" అన్నాను.

"గా డబ్బ ఏం జెప్తది? నేనుండంగ అదెందుకు?" అని అద్దం దించి చెయ్యి బయట పెట్టింది.

నాకు కళ్లు మసకబారాయి. రివర్సు వేశాను.

"రా... రా... జానెడున్నది, రా."

కెమెరా మొత్తుకుంటోంది. తెర మీద ఎర్రగీతలు. అది ఊపిరి తీయకుండా అరవడం మొదలుపెట్టింది.

"జానెడున్నదంటున్న గదా, రా!"

వచ్చాను. ఆమె రమ్మంటే రాకుండా ఎట్లా ఉంటాను? బర్రుమని వెనక తలుపు నుంచి లైటుదాకా గోడకు గీరుకుపోయింది.

ఆమె చెయ్యి చటుక్కున లోపలికి తీసుకుంది. "ఏందది? జానెడున్నది గద!"

మెడ తిరగదు కాబట్టి నడుమంతా తిప్పి ఆమెవైపు చూశాను. అప్పుడు కనపడింది చెయ్యి. వేళ్లన్నీ లోపలికి వంగి ఉన్నాయి. చాపమంటే చాపింది. అంతే తెరుచుకుంటుంది, సగం పిడికిలి. బొటనవేలు తలుపుకూ చిటికెనవేలు గోడకూ తగిలితే జానెడని ఆమె నోటికి అలవాటు. ఆమె జానెడు బెత్తెడైపోయింది. చిన్నప్పటి నుంచి బీడీలు, భివండిలో పిల్లవాణ్ని చూసుకుంటూనే బట్టలకు దారాలు కత్తిరించే పని. ఎడమచేతి వాటం మనిషి, కత్తెర పట్టుకుని పట్టుకుని ఆ వేళ్లు అట్లాగే ఉండిపోయాయి.

"ఎప్పటిసంది గిట్లున్నది?"

"పోయిన వానకాలంసంది."

"మరి ఫోన్ల జెప్పలేదేంది?"

"నీ మెడ తిరుగుతలేదని నువ్వు జెప్పినవా?"

ఇంతలో ఆమె ఫోను మోగింది. బిడ్డ. "ఇల్లు చేరిండ్రా అవ్వా? బాపు బండి సక్కగ వెట్టిండా?"

ఆమె నా ముఖం చూసింది. "ఓ, పువ్వు లెక్క వెట్టిండు. గీత గూడ వడలే" అంది.

ఫోను పెట్టేశాక అడిగేశాను. "ఈడనే ఉండరాదు?"

"పోరడు నేను లేకుంటే బువ్వ దినడు. అది పనికి వోవాలె. ఎట్లుండాలె జెప్పు?" అంది. కోపంతో కాదు. నేను చెబుతానేమోనని కొంచెంసేపు చూసింది కూడా. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

ఎడమ తలుపు తెరుచుకోదు, ఇవతలికి గేరు అడ్డం. నేను బండి ముందుకు తీస్తేగాని ఆమె దిగలేదు. నేను తీయలేదు. ఆ చెయ్యి నా మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్క వేలూ మెల్లగా చాపి చూశాను.

"దించవా ఏంది నన్ను?"

"జెర సేపు కూసో."

కూర్చుంది. తర్వాత నాలుగు రోజులుండి భివండి బస్సెక్కింది.

ఇప్పుడు నేను బండిని ముక్కు లోపలికి పెట్టి ఆపుతున్నాను. కంపెనీ మీద మన్ను పడింది. ఇట్లా పెడితే గోడ నా కుడివైపుకు వస్తుంది. కిటికీలోంచి నా చెయ్యి నేనే పెట్టి కొలుచుకుంటాను. పొద్దున గల్లీ పొడుగునా వెనక్కి పోవాలంటే మెడ నరాలు లాగుతాయి, అది నా కర్మ. గీరుకుపోయిన పక్క గల్లీవైపు పడి అందరికీ కనిపిస్తోంది, కనపడనీ. గోడవైపు నా తలుపు తెరుచుకోదు కాబట్టి, గేరు మీదుగా కాలు వేసి, మోకాళ్లు పట్టుకుని, తిట్టుకుంటూ ఆమె సీట్లోకి డేకి అటునుంచి దిగుతాను.

"ఏం కాకా, నీ దర్వాజ ఖరాబయిందా?" అని మొన్న పక్కింటాయన అడిగాడు. లేదన్నాను.

ఎడమ తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆమె వచ్చిననాడు దిగడానికి ఏ అడ్డమూ లేదు. అందాకా అందులోంచి దిగేది నేనొక్కణ్నే.