పెద్దమ్మ చూసింది, చెప్పలేదు

పోయిన మంగళవారం పొద్దున పెద్దమ్మ కూతురు, మా అక్క ఫోన్ చేసింది. "అమ్మ లేదే" అన్నది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే పోయిందట. నేను జగిత్యాలలో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. కోరుట్ల బస్సు ఎట్లా ఎక్కానో గుర్తు లేదు.

ఆమె మా అమ్మకు అక్క. నాకు పెద్దమ్మ. ముప్పై ఏళ్లు కోరుట్లలో ఇళ్లు కట్టేచోట కూలికి పోయింది. ఇసుక జల్లించడం, సిమెంటు కలపడం, తట్ట మోయడం ఆమె పని. తాపీ పట్టేది మగవాళ్లు కాబట్టి దాన్ని ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. కానీ ఖాళీ జాగాలో ఒక్క నిమిషం నిలబడితే చాలు, గుమ్మం ఎక్కడొస్తుందో, మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుందో చెప్పేది. చదువు రాదు. ఇంటి ప్లాను కాగితం మాత్రం తలకిందులుగా పెట్టినా అర్థం చేసుకునేది.

ఈ రోజు నేను ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నానంటే అది ఆమె వల్లే. సిరిసిల్లలో హాస్టల్లో ఉండి సివిల్ డిప్లొమా చదువుతూ మొదటి ఏడాది డ్రాయింగులో తప్పాను. ఒక వస్తువు పైనుంచి ఎట్లా ఉంటుంది, పక్కనుంచి ఎట్లా ఉంటుంది అని ఇచ్చి, మొత్తం వస్తువు గీయమంటారు. నాకు గీతలే కనిపించేవి, వస్తువు కనిపించేది కాదు. "ఆడపిల్లలకు ఇది అందదమ్మా, బట్టీ పట్టండి" అని సారు చెప్పారు. కోపంగా చెప్పి ఉంటే నాకూ పౌరుషం వచ్చేదేమో. ఆయన జాలిగా చెప్పారు, నేను నమ్మాను. కోరుట్లలో పెద్దమ్మ వాళ్లదీ మాదీ ఒకే వాకిలి. ఇంటికొచ్చి చదువు మానేస్తానన్నాను.

ఆ సాయంత్రం పెద్దమ్మ పని నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, నా పుస్తకం తిరగేసింది.

"ఇవి మెట్లు గదనే. పక్కకెళ్లి కోసినట్టు గీసిండ్రు."

మర్నాడు ఒక ముద్ద బంకమట్టి తెచ్చింది. పుస్తకంలో ఉన్న ప్రతి బొమ్మనూ మట్టితో చేయమన్నది. చేశాక కళ్లు మూసుకొని తడమమన్నది. "మీదికెళ్లి చూస్తే ఏం కనవడ్తది? ఎనుకకెళ్లి?" అని అడుగుతూనే ఉండేది. పదిహేను రోజులయ్యాక కాగితం మీది గీతలు నాకు లేచి నిలబడటం మొదలుపెట్టాయి. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, అప్పుడన్నది.

"మీ తమ్ముడు చిన్నప్పటికెళ్లి సైకిలు ఇప్పుతడు, బిగిస్తడు. ఊరంత తిరుగుతడు. నిన్నేమో బీడీలు చెయ్య కూసోబెట్టినం. నీకెట్ల కనవడ్తది? తప్పు నీది కాదు బిడ్డ, కూసోబెట్టిన మాది."

నా చేతకానితనానికి నేను కాక ఇంకో కారణం ఉండొచ్చని అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

నేను డిప్లొమా చివరి ఏడాదిలో ఉండగా, ఆమె పని చేసే ఒక ఇంట్లో మెట్లకు కాంక్రీటు పోయడానికి చెక్కలతో సెంట్రింగ్ కొడుతున్నారు. తట్ట కింద పెట్టి మేస్త్రీతో అన్నదట, "అన్నా, గిట్ల వోతే తొమ్మిదో మెట్టు కాడ దూలం తల్కాయకు తాకుతది." అందరూ నవ్వారు. "తట్ట మోసుడు మోయి. మెట్ల సంగతి నీకెందుకు?" అన్నాడు మేస్త్రీ. మెట్లు పోశారు. ఇంటాయన ఎక్కి చూస్తే తొమ్మిదో మెట్టు దగ్గర నుదురు కొట్టుకుంది. పగలగొట్టి మళ్లీ పోయాల్సి వచ్చింది. ఆ మర్నాడే ఆమెను పనికి రావద్దన్నారు. నోరున్న ఆడమనిషని ఇంకో మేస్త్రీ కూడా పిలవలేదు. రెండు నెలలు ఇంట్లోనే ఉంది.

తర్వాత పని దొరికింది కానీ ఆమె మారిపోయింది. ఏది అడిగినా "నాకేం తెలుస్తది బిడ్డ" అనేది. మొదట్లో ఊరికే అంటున్నదనుకున్నాను. రాను రాను తనే నమ్మినట్టు కనిపించేది. నాకు మట్టి ముద్దతో చూపు నేర్పిన మనిషి, కాగితం ముందు పెడితే చూడకుండానే పక్కకు జరిపేది.

నాలుగేళ్ల కింద జగిత్యాలలో మేం ఇల్లు మొదలుపెట్టాం. ప్లాను గీసింది నేనే. పునాదికి ముగ్గు పోసే రోజు పెద్దమ్మను పిలిపించాను. మేస్త్రీ, మా ఆయన, ఇంకో నలుగురు మగవాళ్లు ఉన్నారు. ఆమె వంటిల్లు రావాల్సిన చోట నిలబడి, తల ఎత్తి ఆకాశం వైపు చాలాసేపు చూసింది.

"ఎట్లుంది పెద్దమ్మా?"

"నాకేం తెలుస్తది బిడ్డ. సదువుకున్నోళ్లు మీరు."

నాకు తొందరగా ఉంది. మళ్లీ అడగలేదు.

ఇల్లు పూర్తయింది. బయటి మెట్లు సరిగ్గా వంటింటి కిటికీకి అడ్డంగా వచ్చాయి. పట్టపగలు లైటు వేసుకొని వండుకుంటాను. గృహప్రవేశానికి వచ్చినప్పుడు పెద్దమ్మ ఆ లైటు వంక చూసి మెల్లగా అన్నది, "గా రోజే చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే మల్ల పిలువవేమో అనుకున్న."

ఆ మాట నుంచి నేను తేరుకోలేదు. ఆమె భయపడిన ఇళ్లలో నా ఇల్లు కూడా ఉందని అంతవరకు నాకు తెలియదు. "నిన్ను పిలువకుండ ఎట్లుంట పెద్దమ్మా" అనాల్సింది. చుట్టాలెవరో పిలిస్తే వెళ్లిపోయాను. తర్వాత అందామనుకున్నాను. మూడేళ్లు అనుకుంటూనే ఉన్నాను.

బుధవారం కోరుట్లలో ఆమెను పూడ్చిపెట్టాం. పాస్టరు ప్రార్థన చేశాడు. ఆడవాళ్లం అందరం గుంత దాకా వెళ్లాం. పెట్టె దించబోతుంటే అక్క అన్నది, "దిగది కాకా. కాళ్ల దిక్కు జానెడు తక్కువుంది."

అక్క బీడీలు చేస్తుంది. ఏనాడూ కట్టుడు పనికి పోలేదు.

"కొలిసే తవ్వినం బిడ్డ" అన్నాడు తవ్వినాయన.

"ఇంకోసారి కొలువుర్రి."

అక్క ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ఆమె ముఖం చూసి, కర్ర తెచ్చి, ముందు పెట్టెను కొలిచాడు, తర్వాత గుంతను కొలిచాడు. గడ్డపార తీసుకొని కిందికి దిగాడు. పెద్దమ్మ పెట్టె ఎండలో పక్కనే ఉంది. ఆయన తవ్వి ఎత్తిపోస్తున్న ఎర్రమట్టి వచ్చి మా కాళ్ల మీద పడుతోంది. మేమెవరమూ వెనక్కి జరగలేదు.