వెనక వరస చివరి క్వార్టరు

ఈ ఉదయం పాల ప్యాకెట్టు కోసం తలుపు తీస్తే, గేటు బయట ఒక కొత్త కుక్క కూర్చుని ఉంది. ఎడమ చెవి కొస ఎవరో కత్తెరతో తీసినట్టు తెగి ఉంది. ఉస్లాపూర్‌కి ఇల్లు మారాక అలాంటి చెవిని చూడటం ఇదే మొదలు. ఎదురింటావిడ అయ్యో పాపమని ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. స్వామి దగ్గర దీపం పెట్టి, కుక్కరు మూత బిగించి, అన్నం ఉడికేదాకా గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

అప్పట్లో మేం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మావారికి షెడ్డులో డ్యూటీ. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు. పెళ్ళయిన ఏడాదే బిలాస్‌పూర్ వచ్చేసినా, అనుమానాన్ని మాత్రం ఊరి నుంచి మూట కట్టి తెచ్చుకుంది. కొత్త గ్యాసు బండని కూడా ఊపి చూసి గాని లోపలికి రానిచ్చేది కాదు. ఆవిడ పూర్తిగా నమ్మింది ఒక్క ఎర్ర కుక్కని. అది మా వీధి కొళాయి దగ్గర పడుకునేది. మధ్యాహ్నం నైవేద్యం కాగానే అత్తయ్య మొదటి ముద్ద పప్పుతో కలిపి, గేటు బయట చప్టా మీద పెట్టేది. అది తిన్నాకే తన కంచం ముందు కూర్చునేది. మామయ్యగారు పోయాక పట్టిన నియమం అది. ఆ కుక్కా తక్కువది కాదు. ముద్ద ఎదురుగా ఉన్నా ముట్టేది కాదు. అత్తయ్య లోపలికెళ్ళి గడియ వేసిన చప్పుడు వినబడితేనే తినేది. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్న జంతువుల్ని చూసుకునే సంస్థ వాళ్ళ వ్యాను వచ్చి కొళాయి దగ్గర ఆగింది. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, టీకాలు వేయించి, తెచ్చి వదిలేస్తారని విన్నాం. విన్నామే గాని నమ్మినవాళ్ళు లేరు. అమ్ముకుంటారని పక్కింటి పిన్నిగారు, అడవిలో దించేస్తారని ఆవిడ భర్త. వల పట్టుకుని దిగింది మాత్రం మన తెలుగు పిల్లే. తాత రైల్వేలో పనిచేశాడట. తెలుగు సగమే మిగిలింది, మిగతా సగం హిందీ.

"నానమ్మా, టెన్షన్ మత్ లో. ఠీక్ అయ్యాక మేమే తెచ్చి వదుల్తాం," అంటున్న మాట నాకు వంటింట్లోకి వినబడింది. పోపు మాడిపోతుందని నేను బయటికి రాలేదు. కిటికీలోంచి చూస్తే అత్తయ్య వెనక వరస క్వార్టర్ల వైపు చెయ్యెత్తి ఏదో చూపిస్తోంది. కుక్కతో వ్యాను వెళ్ళిపోయింది.

"సగం తెలుగే గుర్తులేదు దానికి. కుక్క ఇల్లు గుర్తుంటాదేటి?" అంది లోపలికొచ్చి.

ఆ పూట నుంచి ముద్ద చప్టా మీదే ఉండిపోయేది. కాకులు తినేవి. అత్తయ్య కంచం ముందు కూర్చునేది కాదు. మజ్జిగా, అరటిపండూ. అసలే షుగరు మనిషి. నడుస్తూ గోడ పట్టుకునేది. మావారు బతిమాలారు, నేను దండం పెట్టాను. నియమం నియమమే అంది. పైగా ఆ అమ్మాయి ఊళ్ళోని తోర్వా పేట నుంచి స్కూటీ మీద రోజూ వచ్చి, మా వీధి దాటి, వెనక వరసకేసి వెళ్ళేది. అత్తయ్య కర్టెను చాటు నుంచి చూసి, "చూసేవేటే కోడలా, రెండో కుక్క కోసం తిరుగుతంది దొంగమొకం," అనేది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

చివరికి అత్తయ్య నడివీధిలో నిలబడి స్కూటీ ఆపేసింది.

"నా కుక్కేదే? ఎంతకి అమ్మీసేవు?"

ఆ పిల్ల తెల్లబోయింది. "కుక్క మీదా? రోజూ ఎవరు పెడతారంటే మీరేకదా, వెనక వరస చివరి క్వార్టరోళ్ళు అన్నారు! ఖానా పెట్టే ఇంటి దగ్గరుంటే మంచిదని అక్కడే వదిలాం. ఆ ఇంటికి తాళం. కుక్కని వదిలేసి పోయారని వాళ్ళ మీదే నాకు శక్. పాపం, దానికి నేనే తిండి పెట్టి పోతున్నా."

నేను అత్తయ్య మొహం చూశాను. క్వార్టర్లలో కుక్కల్ని చేరదీస్తున్నారని ఎవరో ఆఫీసులో ఫిర్యాదు చేశారని ఆ మధ్య పుకారు. కొడుకు పేరు బయటికొస్తుందని భయపడి, ఎవరూ లేని ఇంటిని చూపించేసింది! రెండు వరసలకీ మధ్య పెద్ద మురిక్కాలవ. దాటడానికి వేసిన పలక మీద అవతలి గుంపు కుక్కలు కాపలా ఉంటాయి, దీన్ని దాటనివ్వవు. తాళం వేసిన ఇంటి మెట్ల కింద ముడుచుకుని ఉందట.

అత్తయ్య చెప్పులేసుకుని వెనక వరసకి నడిచింది. ఆ పిల్ల కుక్కని ఎత్తుకుని కాలవ దాటించింది.

"ఒలమ్మా! చెవి కోసీసేరే!"

"ఆపరేషన్ అయిందని నిశానీ, అదే గుర్తు నానమ్మా. మళ్ళీ ఎవరూ పట్టుకోకుండా. మత్తులోనే చేస్తారు."

"అయితే ఇది మనదేనని నమ్మకమేటి? ఎర్రకుక్కలు ఊరినిండా ఉన్నాయి."

ఇంటికి రాగానే అత్తయ్య వేడన్నం కలిపి ముద్ద చప్టా మీద పెట్టింది. కుక్క చూసింది, కదల్లేదు. మేం ముగ్గురం లోపలికొచ్చాం. అత్తయ్య గడియ వేసింది. కిటికీలోంచి చూస్తే, ఒకటిన్నర చెవులు నిక్కపొడుచుకుని లేచి, మెల్లిగా తినడం మొదలుపెట్టింది. మనసులోనే స్వామికి దండం పెట్టుకున్నాను.

అత్తయ్య కంచం ముందు చతికిలబడింది. "నువ్వూ కూకో," అంది ఆ పిల్లతో. "తిన్నాక మా క్వార్టరు నంబరు చెప్తాను."

"ఈసారి సచ్చీ, నిజం నంబరేనా నానమ్మా?" అంది ఆ పిల్ల, కన్నార్పకుండా.

ఈరోజు అత్తయ్యా లేదు, ఆ ఎర్ర కుక్కా లేదు. ఆ క్వార్టర్లో ఇప్పుడు ఎవరుంటున్నారో తెలియదు. కుక్కరు కూత పెట్టింది. మొదటి ముద్ద కలిపి గేటు బయట పెట్టి, లోపలికొచ్చి గడియ కాస్త గట్టిగానే వేశాను. కొత్తది గనక దానికి ఆ మర్యాద తెలియదు, అప్పటికే తినేసింది. ఆ అమ్మాయి వాళ్ళు ఎత్తుకెళ్ళిన జీవాన్ని, మనం నిజం చెబితే, ఎత్తుకున్న చోటే తెచ్చి దించుతారు. కాలం మాత్రం మనల్ని ఎత్తుకెళ్ళాక, ఎంత నిజం చెప్పినా పాత చోట తెచ్చి దించదు. దించిన కొత్త చోట కూడా ఒక ఆకలిని గుమ్మం ముందుకి పంపి, ముద్ద కలిపే పని మనకి మిగులుస్తుంది, అదే దాని దయ.