లక్ష్మీపతి అడిగే ఉగ్గాని ప్రశ్న

మా లక్ష్మీపతన్నకు ఉన్నది ఒకటే జబ్బు. ఎదురుగా కూర్చున్న మనిషి గొంతు జీరపోతే చాలు, ఉగ్గాని గురించి అడుగుతాడు.

ఉగ్గాని అంటే మా అనంతపురం వైపు పొద్దుటి పలహారం. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తిరగమాత పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. దాని గురించి ఎవరు ఎవరినైనా అడగొచ్చు, తప్పు లేదు. లక్ష్మీపతన్న మాత్రం యూట్యూబులో అడిగేవాడు. సీరియల్ నటుల్ని, ఆటగాళ్లని, పాటగాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకొని, వాళ్లు తమ జీవితంలోకెల్లా పెద్ద కష్టం చెప్పడానికి నోరు తెరిచిన నిమిషంలో అడిగేవాడు.

ఆ కార్యక్రమానికి ఆయనే పెట్టిన పేరు ‘దాపరికం లేకుండా’.

పామిడిలో ఆయనది బట్టల అంగడి. వేరుశనగ పండని ఏడాది గుడ్డ కొనేవాళ్లు ఉండరు కాబట్టి తీరికకు లోటు లేదు. చిన్నప్పటి నుంచి టీవీలో కూర్చొని మాట్లాడాలని కోరిక. అది తీరక, వార్తలు చదివే గొంతుతో గుడ్డల ధరలు చెప్పేవాడు. “పాప్లిన్... మీటరు... తొంభై రూపాయలు” అని ఆయన అంటుంటే, ఎక్కడో వంతెన కూలినట్టు కొనేవాళ్లు ఉలిక్కిపడేవారు. పక్క అంగడి నాది, శశి ఫోటో స్టూడియో. కెమెరా నాది, లైట్లు నావి. లంగా గుడ్డల తాన్ల ముందు రెండు కుర్చీలు వేసి ఛానల్ మొదలుపెట్టాం.

మా జిల్లాలో పుట్టి పైకి వచ్చినవాళ్లు పండక్కో, పెళ్లికో సొంత ఊరికి వచ్చినప్పుడు లక్ష్మీపతన్న బస్సెక్కి వెళ్లి పట్టుకొచ్చేవాడు. పట్టుకురావడంలో ఆయన్ని మించినవాడు లేడు. మాట్లాడించడంలోనూ లేడు. వచ్చినవాళ్లు పది నిమిషాల్లో కుర్చీలో మఠం వేసుకొని కూర్చునేవారు. చిక్కంతా ఆ తరువాతే.

కబడ్డీ ఆటగాడు బయ్యన్న వచ్చాడు. మోకాలు విరిగి ఆట పోయిన మనిషి. చెబుతూ చెబుతూ తల వంచుకున్నాడు.

“ఆ పొద్దు హాస్టల్లో తలుపేసుకున్నాన్నా. తాడు కోసరం చూస్తాండా...”

నేను కెమెరాను ఆయన కళ్ల మీదికి తెచ్చాను.

“అది సరే గానీ బయ్యన్నా,” అన్నాడు లక్ష్మీపతన్న, “ఉగ్గానిలోకి నీకు బజ్జీ ఉండాల్నా, లేకున్నా నడుస్తాదా?”

బయ్యన్న తల ఎత్తాడు. తరువాత నవ్వాడు. “బజ్జీ లేకుంటే ఉగ్గాని ఏమిటికన్నా?” అన్నాడు. అక్కడి నుంచి పావుగంట మిరపకాయలో గింజ తీయాలా వద్దా అన్న దాని మీద నడిచింది. గింజ తీసేవాళ్లని బయ్యన్న మనుషులుగా లెక్కించడని ఆ రోజు లోకానికి తెలిసింది. ఇంకేమీ తెలియలేదు.

తరువాత ఆశ్రిత. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, సీరియళ్లలో రాక్షసి కోడలు. తను నటి అయినందుకు తండ్రి మాట్లాడటం మానేశాడని మొదలుపెట్టింది. “పోయిన శ్రావణమాసం ఇంటికి పోతే, మా నాయన మగ్గం గుంతలో నుంచి పైకి గూడా రాలే...” అంది. కళ్లు నిండాయి. సరిగ్గా ఆ నీటి చుక్క రాలకముందే బజ్జీ వచ్చి పడింది.

నాకు ఒళ్లు మండింది. ఆ వీడియోకు నేను ‘వెక్కి వెక్కి ఏడ్చిన ఆశ్రిత’ అని శీర్షిక పెట్టాను. లక్ష్మీపతన్న అది తీయించి, ‘ఆశ్రితకు బజ్జీ ఇష్టమేనా?’ అని పెట్టించాడు. కింద చూసినవాళ్ల వ్యాఖ్యలు చదివితే ఇద్దరం ఊరు విడిచిపోవాలి. “అన్నా, నీది ఛానలా, టిఫిన్ సెంటరా?” అన్నది అందులో మర్యాదైన వ్యాఖ్య. వీధిలో పిల్లలు ఆయన్ని ‘ఉగ్గాని అన్న’ అనేవారు. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ ఓబిలేష్ ఒక్కడే ప్రతి భాగమూ వదలకుండా చూసి, “ఈసారి పప్పుల పొడి సంగతి గూడా అడుగన్నా” అని మెసేజ్ పంపేవాడు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, లక్ష్మీపతన్న ఉగ్గాని తినడు. రెండు ముద్దలు తింటే సాయంత్రం దాకా కడుపుబ్బరం.

“ఇంట్లో చేస్తే గిన్నె దిక్కు గూడా చూడడు శశీ,” అని సువర్ణ వదిన వాపోయేది. “లోకంలో అందరినీ మాత్రం ఉగ్గాని, ఉగ్గాని అంటాడు. ఏమన్నా గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిద్దామా?”

“ముందు నోటికి కట్టాల వదినా,” అనేవాణ్ణి.

ఇంతలో హైదరాబాదు నుంచి విష్ణువర్ధన్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఒక పెద్ద ఛానల్లో కార్యక్రమాలు చూసే మనిషి. లక్ష్మీపతన్న మాట తీరు ఆయనకు నచ్చింది. సీమ కళాకారులతో వారం వారం ఒక కార్యక్రమం, దానికి లక్ష్మీపతన్నే వ్యాఖ్యాత. కాకపోతే ముందు ఒక్క ఇంటర్వ్యూ తన ఎదుట చేసి చూపించాలి. అదీ జయరాముడితో.

జయరాముడంటే తెలియనివాళ్లు లేరు. (ఆ పేరు అసలుది కాదు, నేను మార్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది.) సినిమాల్లో నత్తివాడి వేషాలు వేసి రాష్ట్రమంతటినీ నవ్వించిన మనిషి. పెళ్లిళ్లలో ఆయన నత్తి మాటలు అనుకరించని కుర్రవాడు ఉండేవాడు కాదు. అలాంటివాడు, చేతినిండా సినిమాలు ఉండగానే అన్నీ వదిలేసి మా జిల్లాలోనే సొంత ఊరు చేరాడు. ఎందుకు వదిలాడో ఏ విలేఖరికీ చెప్పలేదు. లక్ష్మీపతన్న మూడుసార్లు వెళ్లి, ఆయనతో పాటు గొర్రెల వెంట నడిచి, ఒప్పించుకొచ్చాడు.

“అది ఆయన నోటితో చెప్పించండి, చాలు. కార్యక్రమం మీదే,” అన్నాడు విష్ణువర్ధన్.

లక్ష్మీపతన్న ఆ వారం గుడ్డల ధరలు ఇంగ్లీషు వార్తల గొంతుతో కూడా చెప్పాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. అద్దం ముందు నమస్కారాలు పెట్టాడు. యాభై రెండేళ్ల మనిషి మొహం పరీక్ష పాసైన పిల్లవాడి మొహంలా అయింది. అది చూసి నాకూ వదినకూ భయం పట్టుకుంది.

చివరికి వదిన మీటరు కడ్డీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“దీన్ని పట్టుకొని ఒట్టెయ్యి. ఆ పొద్దు ఉగ్గాని మాటెత్తనని.”

“ఏమే, దీనికి కడ్డీ ఏమిటికి?”

“దేవుని మీద ఒట్టేస్తే దేవునికి సర్ది చెప్పుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా?”

గుడ్డలు కొలిచి అమ్మే ఇంట్లో కొలిచే కడ్డీ మీద ఒట్టు అంటే ఆషామాషీ కాదు. తప్పితే కొలత తప్పినంత పాపం. లక్ష్మీపతన్న కడ్డీ కళ్లకద్దుకొని ఒట్టేశాడు.

ఆ రోజు నేను ఓబిలేష్‌కు కూడా చెప్పాను, మధ్యాహ్నం దాకా మా వీధిలోకి బజ్జీ వాసన రాకూడదని.

విష్ణువర్ధన్ కెమెరా పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. జయరాముడు తెల్ల పంచె కట్టుకొని వచ్చాడు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నా పనిలో అంత మంచి గంట నేను మళ్లీ చూడలేదు. వానల గురించి, మద్రాసులో తిన్న మొదటి దెబ్బల గురించి, మొదటి వేషం గురించి ఎంత చక్కగా అడిగాడని! విష్ణువర్ధన్ నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు.

అప్పుడు జయరాముడు కండువాతో మెడ తుడుచుకొని, గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆ నత్తి నాకు కూడు పెట్టింది లక్ష్మీపతన్నా. అందరూ నేనే పుట్టిచ్చినా అనుకుంటారు. అది నాది గాదన్నా. మా ఇంట్లో ఒకరిది. చిన్నప్పటి నుంచీ విన్నది విన్నట్టే తీసుకొనిపోయి సినిమాలో పెట్టినా. ఊరూరూ నవ్వినారు. ఆ మనిషి సినిమా చూసొచ్చిన్నాటి నుంచి...”

పెదవులు వణికాయి. లక్ష్మీపతన్న చేతులు మోకాళ్ల మీద బిగించుకున్నాడు. ఆయన చెమట కొత్త చొక్కా దాటి కనిపిస్తోంది. ఈసారి గట్టెక్కాం అనుకున్నాను.

“అది సరే గానీ జయరామన్నా,” అన్నాడు. “ఉగ్గానిలోకి... బజ్జీ ఉండాల్నా నీకు?”

విష్ణువర్ధన్ లేచాడు.

“ఏంటండీ ఇది? బుద్ధుందా మీకు? ఇంకో రెండు మాటలు ఆగితే వచ్చేసేది కదా! ఇప్పుడు ఉగ్గాని ఏంటి?”

“తప్పైపోయె సార్. నోరు జారింది.”

“మళ్లీ అక్కడి నుంచి అడగండి.”

లక్ష్మీపతన్న జయరాముడి మొహం చూశాడు. “లేదు సార్,” అన్నాడు.

విష్ణువర్ధన్ కారు పెన్న వంతెన దాటకముందే ఫోన్లో ఆ నంబరు తీసేసి ఉంటాడు. మళ్లీ పిలవలేదు.

ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ నా లైట్లు సర్దుకొని స్టూడియోకు పోయేవాణ్ణి. ఆ రోజు కెమెరా ఆపేశాను గానీ, కోపంతో కాళ్లు కదల్లేదు. తిట్టి పోదామని నిలబడ్డాను. లక్ష్మీపతన్న అంగడి తలుపు సగం మూసి, తన కుర్చీ జరుపుకొని జయరాముడి పక్కన కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పన్నా,” అన్నాడు. “యాడ ఆపినావు? సినిమా చూసొచ్చిన్నాటి నుంచి...”

జయరాముడు చెప్పాడు. టీ తెచ్చిన సువర్ణ వదిన గ్లాసులు చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఆయన చెప్పిందేమిటో ఇక్కడ రాయను. ఆ మనిషి ఇంకా ఉన్నాడు, ఆ ఊళ్లోనే ఉన్నాడు. సినిమా చూసి వచ్చాక ఎవరితోనూ మాట్లాడటం లేదు. అంతవరకు చాలు. లక్ష్మీపతన్న ఒక్క మాట అడ్డం రాలేదు. అంతసేపు నోరు మూసుకొని ఉండగలిగిన మనిషి అని ఆ రోజే తెలిసింది నాకు.

జయరాముడు మొహం కడుక్కొని బస్సెక్కాక అడిగాను.

“బయ్యన్న, ఆశ్రిత... వాళ్లు గూడా ఇట్లనే తరువాత చెప్పినారా?”

“చెప్పినారప్పా.”

“అంటే ముందు నుంచీ తెలిసే అడుగుతాండావా?”

“తెలీకుండా అడిగేకి నాకేమన్నా పిచ్చా? నాకు ఉగ్గాని పడదు గదా.” కుర్చీలు మడుస్తూ అన్నాడు. “నువ్వు కెమెరా కన్నుతో చూస్తాంటావు, నీకు తెలీదు. మనిషి బాధలో పడినాక ఎదురుగా నేనొకణ్ణే ఉండాననుకుంటాడు. ఊరంతా కూర్చోనుండాదని మరిచిపోతాడు. గుర్తు చెయ్యాల్సింది ఎవరప్పా, నేను గాదా? ఊరికే ఆపమంటే సిగ్గుపడతాడు. ఉగ్గాని అంటే నన్నే తిట్టుకుంటాడు.”

“ఈ పొద్దు నోరు మూసుకొని ఉండుంటే...” అన్నాను.

“మూసుకొని ఉండుంటే రేప్పొద్దునకల్లా ఆ మాట్లాడని మనిషి ఇంటి ముందర ఫోన్లు పట్టుకొని జనం నిలబడుందురు. మాట్లాడు, మాట్లాడు అని.”

“మరి బాధ లేదా అన్నా నీకు?”

“ఎందుకుండదప్పా?” అన్నాడు. కొత్త చొక్కా విప్పి, మడతలు పోకుండా జాగ్రత్తగా మడిచాడు.

ఛానల్ తరువాత సాగలేదు. ఆయనకు మనసు పోలేదు, నేనూ అడగలేదు. గుడ్డల ధరలు మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. వంతెనలు కూలడం మానేశాయి, అంగడి బోసిపోయింది. ఇంకొకటి కూడా జరిగింది. కడ్డీ మీద ఒట్టు తప్పినందుకు, ఎవరు ఏ గుడ్డ కొన్నా జానెడు ఎక్కువ కొలిచి ఇవ్వసాగాడు. “ఒట్టు పెట్టిచ్చి నా అంగడి నేనే ముంచుకున్నా,” అని వదిన తలకొట్టుకునేది. కానీ తిట్టేది కాదు. ఆ టీ గ్లాసులు పట్టుకొని నిలబడిన రోజు నుంచి ఆమె ఉగ్గాని గురించి ఆయన్ని ఒక్క మాట అనలేదు.

పోయిన నెల వేరే ఛానల్ వాళ్లు వచ్చారు. ఎవరో ఆ ఉగ్గాని ముక్కలన్నీ ఒకచోట కలిపితే లక్షల మంది చూసి నవ్వారట. ‘ఉగ్గాని అన్న’ను ఇంటర్వ్యూ చేయాలన్నారు. లక్ష్మీపతన్న పెట్టెలోంచి ఆ చొక్కా తీసి వేసుకున్నాడు. అడగడానికి వచ్చిన అమ్మాయి, సునంద, చురుకైనది. నవ్విస్తూ నవ్విస్తూ దారిలోకి తెచ్చింది.

“చిన్నప్పటి నుంచి టీవీలో పనిచేయాలని కల కదండీ మీకు? ఆ ఒక్క ప్రశ్నతో పోగొట్టుకున్నారని విష్ణువర్ధన్ గారు చెప్పారు. ఇప్పుడు తలుచుకుంటే ఏమనిపిస్తుంది?”

“ఏమనిపిస్తాదమ్మా...” అన్నాడు లక్ష్మీపతన్న. నవ్వబోయాడు, కుదరలేదు. “ఆ పొద్దు రాత్రి నేను...”

గొంతు జీరపోయింది. వాళ్ల కెమెరా మెల్లగా ఆయన కళ్ల మీదికి జరిగింది. ఆ జరగడం నాకు బాగా తెలుసు.

“అది సరే గానీ ఏమయ్యా!”

తాన్ల వెనకాల తెర తోసుకొని సువర్ణ వదిన వచ్చింది. చేతిలో చిల్లుల గరిటె.

“ఉగ్గానిలోకి బజ్జీ ఉండాల్నా, లేకున్నా నడుస్తాదా? బాండ్లి ఎక్కిచ్చినా. బిరీన చెప్పు.”

లక్ష్మీపతన్న ఆమె వైపు తిరిగాడు. తరువాత, నేను చూసినన్నాళ్లలో ఎప్పుడూ లేనంతగా నవ్వాడు.

“బజ్జీ లేకుంటే ఉగ్గాని ఏమిటికే?” అన్నాడు.

సునంద ఎంత లాగినా మళ్లీ ఆ రాత్రి మాట రాలేదు. లక్ష్మీపతన్న కెమెరా ముందే పళ్లెం ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిన్నాడు. సాయంత్రం దాకా వాము నీళ్లు తాగాడు.

మర్నాడు చొక్కా గుడ్డ కోసం వెళ్లాను. కడ్డీతో రెండున్నర మీటర్లు కొలిచి, కత్తెర సరిగ్గా గుర్తు మీదే పెట్టాడు.

“జానెడు ఏమాయె అన్నా?”

“ఒట్టేపిచ్చినామె తానే ఉగ్గాని మాటెత్తె గదప్పా. ఒట్టు తీరిపోయె,” అన్నాడు. గుడ్డ మడిచి, గొంతు సవరించుకొని, “రెండున్నర... మీటర్లు...” అని మొదలుపెట్టాడు.

పక్కన చీర చూస్తున్న ముసలామె ఉలిక్కిపడి రోడ్డు వైపు చూసింది.