షబానా నాయన ఎక్కిన స్తంభం

ఈ ఉదయం కుప్పం ఆఫీసు స్టోరులో కొత్త రబ్బరు గ్లవుజుల పెట్టె విప్పారు. అట్టమూత లేవగానే పౌడరు చల్లిన రబ్బరు వాసన గదంతా పరుచుకుంది. పక్కనున్నవాళ్లకి అది ఉత్త వాసన. నాకు కాదు. నా ప్రమేయం లేకుండానే చెయ్యి ఒక గ్లవుజు అందుకుంది. దాని మూతిని చుట్టచుట్టి, లోపల గాలి బిగబట్టి, చెంపకి ఆనించుకున్నాను. సూదిమొనంత చిల్లున్నా ఆ గాలి చెంపకి తగులుతుంది. స్టోర్‌కీపరు నవ్వాడు. "కొత్తవే కదా మేడం, సీలు ఇప్పుడే తీసినా" అన్నాడు. కొత్తవాటినే ముందు అనుమానించాలని నాకు నేర్పినాయన పేరు రహంతుల్లా. పుంగనూరు అవతల పెద్దపంజాణిలో కరెంటు లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవారు. కాగితాల ప్రకారం నేను ఆయనకి పై అధికారిని.

మదనపల్లెలో పుట్టి పెరిగి, ఇంజనీరింగ్ చదివి, పెద్దపంజాణి సెక్షనుకి ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, వెళ్లినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అచ్చం అదే నేను. ప్రతిదానికీ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక గడువు. మా పనిలో ఎల్‌సీ అని ఒకటుంది. లైన్ క్లియర్. తీగ మీద పని చెయ్యాలంటే సిబ్బంది సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ లైన్ అడుగుతారు. అక్కడి ఆపరేటరు ఆ తీగకి కరెంటు పంపే బ్రేకర్ ఆపి, లైన్ ఇచ్చానంటాడు. ఆ ఒక్క మాట నమ్మి మనిషి స్తంభం ఎక్కుతాడు. పని అయ్యాక దిగి, లైన్ తిరిగి ఇచ్చానని చెబితేనే మళ్లీ కరెంటు వెయ్యాలి. పదకొండు వేల వోల్టుల తీగని కంటితో చూస్తే అందులో కరెంటు ఉందో లేదో తెలియదు. రెండూ ఒక్కలాగే ఉంటాయి. పైన పిచ్చుక కూడా ఒక్కలాగే కూర్చుంటుంది. ఈ సంగతి పుస్తకంలో చదివినప్పుడు నాకు మామూలుగానే అనిపించింది. మొదటిసారి ఒక మనిషి పైకెక్కుతుంటే కింద నిలబడి చూసినప్పుడు మాత్రం అరచేతులు తడిసిపోయాయి. ఆ చేతుల్ని చున్నీకి తుడుచుకుని, ఎవరూ చూడలేదని సంతోషపడ్డాను.

ఆ రోజు లైన్ ఆపించింది నేనే. ఆపరేటరు సుధాకర్‌తో వాళ్ల ముందే ఫోన్‌లో మాట్లాడి, "ఎక్కండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. రహంతుల్లా గారు పొడుగాటి కర్రకి కొక్కెం ఉన్న ఎర్త్ రాడ్లు తెచ్చి, వాటి వైర్లని భూమిలో దిగ్గొట్టి, కొక్కేలని స్తంభానికి ఆ పక్కా ఈ పక్కా తీగలకి తగిలించారు. పొరపాటున కరెంటు వచ్చినా అది మనిషి దాకా రాకుండా భూమిలోకి పోతుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తన్నేసి దానంతటదే ఆగిపోతుంది. పది నిమిషాలు పట్టింది. నాకు ముక్కుమీద కోపం వచ్చింది.

"నా మాట మీద నమ్మకం లేదా సాబ్?" అన్నాను.

ఆయన చెమట తుడుచుకుని, "నమ్మకం ఉండాది మేడం. నమ్మకానికి గూడా ఎర్తింగ్ ఏసుకోవాల" అన్నారు.

లైన్‌మన్లు తలవంచుకుని నవ్వుకున్నారు. నన్ను ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వే చెవిలో మోగింది.

ఆయనకి ఇంకొక అలవాటుంది, అది నాకు మరీ చిరాకు. ఎల్‌సీ తీసుకునేటప్పుడు దాని నంబరుతో పాటు, ఇంట్లో తనకోసం ఎదురుచూసే మనిషి పేరు చెప్పాలి. ఆయన ఫోన్ చేస్తే, "షబానా నాయన లైన్ తీసుకుంటాండాడు" అనేవారు. షబానా ఆయన కూతురు. మునెప్ప అనే లైన్‌మన్ అయితే "లిఖిత నాయన". ఆపరేటరు ఆ పేరుని ఒక పలక మీద సుద్దముక్కతో రాసి బ్రేకర్‌కి తగిలించాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అదే గొంతు అదే పేరు చెప్పాలి. తీసుకున్నవాడే తిరిగివ్వాలి. మధ్యలో ఇంకెవరు చెప్పినా, కలెక్టరే వచ్చి చెప్పినా, పలక దించకూడదు. "ఇదేం బాలశిక్ష సాబ్? నంబరు చాలదా?" అని అడిగాను. "నంబరుకి ఇంట్లో ఎవురూ అన్నం పెట్టుకోని కూసోరు మేడం" అన్నారాయన. నాకు ఎక్కలేదు. పేర్లు వద్దు, నంబరు చాలు, పని ఎంతసేపు పడుతుందో ముందే చెప్పాలి అని ఒక ఆర్డరు రాసి గోడకి అంటించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. "టైం చెప్పమంటే చెప్తాం మేడం. ఆ టైముకి దిగుతామని మాత్రం చెప్పలేం" అని నెమ్మదిగా అన్నారు. పలక ఒక మూలకి చేరింది.

ఎండాకాలం గాలివాన ఒకటి వచ్చి పోయిన మర్నాడు. కొండవారన ఒక స్తంభం మీద తీగని మోసే పింగాణీ ఇన్సులేటరు పగిలింది. రహంతుల్లా గారూ మునెప్పా అరగంట పనంటూ, సిగ్నల్ అందే రోడ్డు మీంచే నంబరు చెప్పి లైన్ తీసుకున్నారు. నేను సబ్‌స్టేషన్‌లోనే ఉన్నాను. ముప్పావుగంట దాటింది. గేటు దగ్గర రైతులు పోగయ్యారు. టమాటా చెట్లు వాడిపోతున్నాయి, పగటి కరెంటు గంటలు అయిపోతున్నాయి. పై అధికారి రెండుసార్లు ఫోన్ చేశారు. రహంతుల్లా గారి ఫోన్ కొండపక్కన సిగ్నల్ అందక పలకడం లేదు. అప్పుడే ఒక రైతు మోటారుసైకిల్ మీద వచ్చాడు. "ఆడ పని అయిపోయినాది మేడం. మునెప్ప దిగేసినాడు, నా కండ్లతో సూసొస్తాండా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. మునెప్ప దిగిన మాట నిజం. పక్క స్తంభం మీద ఇంకొక ఇన్సులేటరు కూడా పగిలిందని చూసి, దాన్ని ఎక్కడానికి దిగాడు. ఆ సంగతి మాకు తెలియదు.

"సాబ్ ఫోన్ రాలేదు మేడం" అన్నాడు సుధాకర్. చెయ్యి బ్రేకర్ దాకా పోలేదు.

"అరగంట అన్నారు, గంట కావస్తోంది. దిగేశారని చూసినవాళ్లే చెబుతున్నారు. నేను చెబుతున్నాను కదా, వెయ్యండి."

వేశాడు. రెప్పపాటులో ధబ్బుమని బ్రేకర్ తన్నేసింది. గదిలో ఎర్రలైటు వెలిగింది. సుధాకర్ నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. ఎర్త్ రాడ్లు ఇంకా తీగ మీదే ఉన్నాయి. రాడ్లు ఉన్నాయంటే మనుషులు ఉన్నారు. అది అర్థం కావడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. సుధాకర్ గోడకి ఆనుకుని, "అయ్యో దేవుడా, అయ్యో దేవుడా" అంటున్నాడు. ఫోన్ కలపబోతే నంబరు తప్పుతోంది. సరిగ్గా కొడితే అవతల సిగ్నల్ లేదు. స్కూటీ తీసుకుని బయల్దేరాను. ఆ పది కిలోమీటర్లలో నేను చూసిందంతా తీగలే. దారిపొడవునా నెత్తిమీద అవే. ఒక్కసారి కూడా నేను చూడని లిఖిత అనే పిల్ల పేరు నోట్లో తిరుగుతూ ఉంది. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియక ఆ పేరునే అంటూ పోయాను. మలుపు తిరిగితే ఏం కనిపిస్తుందోనని ప్రతి మలుపు దగ్గరా బండి నెమ్మదించాను. అంత పిరికిదాన్నని నాకు ఆ రోజే తెలిసింది.

మునెప్ప నేల మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. బతికే ఉన్నాడు. సీసా పళ్లకి తగిలి టకటకమంటోంది. కరెంటుని భూమిలోకి లాగేసిన ఎర్త్ రాడ్ కొక్కెం నల్లగా మాడిపోయి ఉంది. రహంతుల్లా గారు అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నన్ను చూడగానే ఒకటే అడిగారు.

"సుధాకరు యాల ఏసినాడు మేడం? వాడు అట్లాంటోడు కాదే?"

ఇక్కడ ఒక నిజం రాయాలి. ఒక్క క్షణం నేను నోరు మెదపలేదు. సుధాకర్ కాంట్రాక్టు మనిషి. తప్పు అతని మీదే ఉండిపోతే ఎవరూ తిరగతోడరు. నా ఉద్యోగం, నా పరువు, మదనపల్లెలో మా నాన్న మొహం అన్నీ ఆ క్షణంలోనే కళ్లముందు తిరిగాయి. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గే.

"నేనే వెయ్యమన్నాను సాబ్. అతను వద్దన్నాడు. నేనే" అన్నాను.

మునెప్ప లేచి, నావైపు చూడకుండా, "సాబ్, ఈమె లైన్ ఇస్తే నేను ఎక్కను. మా ఇంట్లో చెప్పుకోవాల్సినోళ్లు ఉండారు" అన్నాడు. రహంతుల్లా గారు తలూపారు. "ఎక్కొద్దులే అప్పా" అన్నారు. నాకు ధైర్యం చెప్పలేదు, తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపాను. మెమో వచ్చింది. అది పెద్ద శిక్షేం కాదు. ఆ సాయంత్రం సెక్షన్ ఆఫీసులో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయే, అది శిక్ష.

మర్నాడు పొద్దున ఆ రెండో స్తంభం పని అలాగే మిగిలి ఉంది. లైన్‌మన్లందరూ ఆఫీసు వరండాలో ఉన్నారు. రహంతుల్లా గారు గ్లవుజుల్లో గాలి పట్టి చెంపకి ఆనించుకుంటూ, మామూలుగా టీ సంగతి చెప్పినట్టు చెప్పారు. "మేడం సబ్‌స్టేషన్‌లో ఉంటాది. లైన్ మేడమే ఇస్తాది. నేను ఎక్కుతా."

ఆయన రిటైర్మెంటుకి మూడు నెలలుంది. మోకాళ్ల నొప్పులతో స్తంభం ఎక్కి ఏళ్లయింది. నేను ఆయన్ని పక్కకి పిలిచి, చేతులు జోడించినంత పని చేశాను. "వద్దు సాబ్. ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. నాకు భయంగా ఉంది."

"అదే కావాల్సింది మేడం. మొన్నటిదాకా మీకు భయం లేదు, అందుకని మాకు భయంగా ఉన్నింది. ఇప్పుడు మీరు భయపడతాండారు. ఇంక నేను ఎక్కొచ్చు."

సబ్‌స్టేషన్‌కి వెళ్లి, గోడ మీది నా ఆర్డరును నేనే చించేశాను. మూలనున్న పలక తీసి తుడిచాను. ఫోన్ మోగింది. "షబానా నాయన లైన్ తీసుకుంటాండాడు మేడం." రాశాను. తగిలించాను. బ్రేకర్‌కి తాళం వేసి తాళంచెవి పిడికిట్లో పెట్టుకున్నాను. గేటు దగ్గర మళ్లీ రైతులు. నిన్నటి అరుపులే. ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి, "టమాటా చచ్చిపోతాండాది తల్లీ" అని నిజంగానే ఏడ్చాడు. జాలి వేసింది. పిడికిలి మాత్రం విప్పలేదు. పై అధికారి ఫోన్ చేస్తే, "ఇంకా మనిషి పైన ఉన్నాడు సార్" అని మాత్రం అన్నాను. గడియారం చూడకూడదని దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఆయన మోకాలు పట్టేస్తే? కాలు జారితే? నాకు తెలియకుండా నా చెయ్యే ఏదైనా చేసేస్తే? ఆ చివరి భయం పిచ్చిదని తెలుసు, అయినా ఆ చేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నాను. సుధాకర్ నాకు నీళ్లిచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

గంట దాటాక ఫోన్ వచ్చింది. రొప్పుతున్న గొంతు. "షబానా నాయన దిగినాడు మేడం. రాడ్లు తీసేసినాము. లైన్ మీరు తీసుకోండి."

"ఇంకొకసారి చెప్పండి సాబ్."

నవ్వారు. మళ్లీ చెప్పారు. తాళంచెవి అచ్చు అరచేతిలో ఎర్రగా దిగి ఉంది. సుధాకర్ చూస్తుండగానే ఏడ్చేశాను.

కథల్లోలాగా ఆ రోజుతో అందరూ నన్ను నమ్మేయలేదు. నెలలు పట్టింది. నేను ఇచ్చిన లైన్ మీద రహంతుల్లా గారే ఎక్కుతూ వచ్చారు, తరవాత ఇంకొకరు, తరవాత ఇంకొకరు. ఆయన రిటైరయ్యే వారం ముందు ఫోన్‌లో ఒక గొంతు, కొంచెం బెరుకుగా, "లిఖిత నాయన లైన్ తీసుకుంటాండాడు మేడం" అంది. పలక మీద రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఆ తరవాత నాకు ప్రమోషన్లు వచ్చాయి, సన్మానాలు జరిగాయి. అంత బరువైన మర్యాద మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. రహంతుల్లా గారు ఇప్పుడు మదనపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నారు. వెళ్లినప్పుడల్లా టీ ఇప్పించి, "భయం ఉండాదా మేడం?" అని అడుగుతారు. ఉందంటే సంతోషిస్తారు.

ఇప్పుడు నా హోదాకి సబ్‌స్టేషన్‌లో కూర్చునే పని లేదు. అయినా ఈ మధ్యాహ్నం వెళ్లాను. పొద్దున విప్పిన గ్లవుజులు వేసుకుని నవీన్ అనే కొత్త లైన్‌మన్ మొదటిసారి పెద్ద లైన్ ఎక్కాడు. పేరు చెప్పమంటే సిగ్గుపడి, "మా అమ్మ రాజమ్మ మేడం" అన్నాడు. పలక మీద 'రాజమ్మ కొడుకు' అని ఉంది. ఇందాక ఎవరో ఫోన్ చేసి, పని అయిపోయిందంట, కరెంటు వెయ్యండి అన్నారు. "మీరెవరు?" అన్నాను. పెట్టేశారు. కొత్త ఏఈ కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "అయిపోయే ఉంటుంది మేడం" అన్నాడు. గడియారానికి నా వీపు ఉంది. అరచేయి తడిసిపోయింది, ఈసారి తుడుచుకోలేదు, ఆ ఏఈ పిల్లవాడు చూస్తే చూడనీ అనుకున్నాను. ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తి, ఏమీ అనకుండా, ఆ పేరు కోసం ఊపిరి బిగబట్టాను.